ఎర్రలంక రేవు పట్టాలు

తూర్పు గోదావరి జిల్లా, రాజోలు తాలూకా, ఎర్రలంక గ్రామం కాపురస్తురాలు, కీర్తిశేషులు అడబాల ఆదినారాయణ గారి భార్య, అడబాల అచ్చాయమ్మ అనే నేను, వయస్సు అరవై ఏడు, నా నోటితో చెప్పి దస్తావేజు లేఖరి త్రిమూర్తులు గారి చేత వ్రాయించిన వీలునామా.

నా కళ్ళు కొంచెం మందగించేయి గాని బుద్ధి మందగించలేదు. నిన్న తిన్న కూర ఏదో గుర్తుంది, నలభై ఏళ్ళ కిందట పడ్డ మాట కూడా గుర్తుంది. నన్ను ఎవరూ బెదిరించలేదు, ఎవరూ మంచి చేసుకోలేదు. ఈ రోజు కార్తీక సోమవారం గనక ఉపవాసం ఉన్నాను. "నీరసంలో రాయించిందంటే రేపు కోర్టులో పేచీ పెడతారేమోనండి" అన్నారు త్రిమూర్తులు గారు. కడుపు ఖాళీగా ఉన్నప్పుడే నాకు మాట తిన్నగా వస్తుందని చెప్పి, ఆ ముక్క కూడా రాయమన్నాను. ఇంతకు ముందు నేను ఏ వీలునామా రాయలేదు. రాసినట్టు ఎవరైనా కాగితం చూపిస్తే అది నాది కాదు.

ఇందులోని షరతులు జరిపించే బాధ్యత రాజోలు ప్లీడరు సుందరరావు గారి మీద పెడుతున్నాను. ఎవరికి ఏమి ఇవ్వదలచుకున్నానో వాళ్ళని ముందుగా పిలిచి, వాళ్ళకి కావాలో వద్దో అడిగే రాయిస్తున్నాను. మా ఇంట్లో అలా అడిగే అలవాటు లేదు. నాతోనైనా మొదలవుతుందని అడిగేను.

1. మొదట పట్టాల సంగతి.

పడమట గోదావరి రేవు మొదలు తూర్పున కాలవగట్టు మీది గొడౌన్ల దాకా, మైలున్నర పొడుగున్న మట్టిగట్టు, దాని మీది సన్న పట్టాలు, కింది చెక్కలు, మూడు తూములు, రేవు దగ్గరి నీళ్ళతొట్టి, ఎనిమిది ట్రాలీలు, ఒక ఆవిరి ఇంజను, ఇవి యావత్తూ నా స్వంతం. వీటికి ఉత్తరాన నా కొబ్బరితోట, దక్షిణాన నా మరిది కొడుకు రాఘవులు తోట హద్దులు. ఈ ఆస్తి మొత్తాన్ని ఎర్రలంక రేవు పట్టాల సంఘానికి శాశ్వతంగా, నా వారసులెవరికీ ఏ హక్కూ మిగలకుండా దఖలు పరుస్తున్నాను.

ఈ పట్టాలంటే నాకు మొదట్లో కంటగింపుగా ఉండేది. ఎందుకో రాయకపోతే మిగతాదేదీ అర్థం కాదు.

పూర్వం రేవుకి వచ్చిన పడవల్లో సరుకంతా ఆడకూలీలు నెత్తిన పెట్టుకుని బురదలో మోసేవారు. ఉప్పు, టేకుముక్కలు అటునుంచి ఇటు, కొబ్బరికాయలు, కురిడీలు, తాళ్ళు ఇటునుంచి అటు. 1917లో లంకల కొబ్బరి కంపెనీ అని ఒకటి వచ్చి, రేవు నుంచి గొడౌన్ల దాకా పట్టాలు వేస్తామంది. పేరు లంకలదే గాని దొరలు కాకినాడలో ఉండేవారు. వాళ్ళు అడిగిన దారి మా తోట నడిమధ్య నుంచి పోతుంది. నా భర్త గారు కౌలుకి సంతకం పెట్టేరు. నాతో ఒక్క మాట చెప్పలేదు. నేను కాపురానికొచ్చిన ఏడు నాటుకుని, బిందెలతో నీళ్ళు పోసి పెంచిన కొబ్బరిచెట్లు ముప్పై ఒకటి, గెలలు దిగుతున్న చెట్లు, ఒక్క రోజులో కొట్టించేరు. ఇదేమిటండీ అని అడిగితే "నీకు తెలీదులే" అన్నారు. నాకు పడ్డ మాట అదే. ఆయన చెడ్డవారు కారు. నా మీద ఏనాడూ చెయ్యెత్తలేదు. కాని ఆ చెట్లు నావి, వాటి సంగతి నాకు తెలుసు.

ఇంజను విడి ముక్కలుగా రెండు పడవల మీద వచ్చింది. బిగించి పొగ పెట్టిన రోజున ఊరంతా కొబ్బరికాయలు కొట్టింది. నేను వీధి గుమ్మంలోకి కూడా రాలేదు. ఆ పట్టాల మీద కాలు పెట్టనని ఆ పూటే అనుకున్నాను. అవతల మా పొలానికి వెళ్ళాలంటే గట్టు దిగి, తూము కింద నుంచి నడుం వంచుకుని దాటేదాన్ని. వానాకాలంలో తూములో మోకాటిలోతు నీళ్ళు. అయినా అలాగే దాటేను. ముప్పై ఆరేళ్ళు దాటేను.

2. నా ఏకైక కుమార్తె కనకదుర్గ, అమలాపురం ఆడపిల్లల స్కూల్లో పంతులమ్మ. నేను ఉంటున్న పెంకుటిల్లు, నాలుగెకరాల ముప్పై సెంట్ల మాగాణి, పట్టాలకి ఉత్తరపు తోట, నా ఒంటి మీద బంగారం ఆవిడకి సర్వహక్కులతో చెందుతాయి. "ఇల్లంతా ఎందుకమ్మా, వేసవి సెలవులకి ఒక గది ఉంచు చాలు" అంది. గదికి ఇల్లు కూడా ఉండాలి గనక ఇల్లే రాసేను.

దుర్గా, నీకు తొమ్మిదేళ్ళప్పుడు నువ్వు ట్రాలీ ఎక్కి గొడౌన్ల దాకా వెళ్ళొచ్చేవు. జుట్టంతా చెదిరిపోయి, మొహం వెలిగిపోతూ ఇంట్లోకి పరిగెత్తుకొచ్చేవు. నేను చెంప మీద కొట్టేను. నువ్వు ఏడవకుండా నిలబడి "అమ్మా, నీ కోపం నాన్న మీదా, బండి మీదా?" అని అడిగేవు. ఇంకోటి కొట్టేను. ఆ రెండో దెబ్బ ఇన్నాళ్ళూ నా చేతిలోనే ఉంది. అది తప్పు. ఇది వీలునామాలో రాసే సంగతి కాదండీ అన్నారు త్రిమూర్తులు గారు. ఇదీ ఆస్తేనని చెప్పి రాయించేను.

3. దానమ్మ, రేవు పక్కనున్న కూలీల పాలెం కాపురస్తురాలు, రేవులో ఒకప్పటి ఎత్తుడు దింపుడు కూలీల పెద్ద. రేవు దగ్గర నా పాతిక సెంట్ల మెరక, అందులో ఉన్న పద్దెనిమిది కొబ్బరిచెట్లతో సహా, ఆవిడకీ ఆవిడ సంతానానికీ పూర్తి హక్కులతో ఇస్తున్నాను. ఇల్లు కూడా కట్టించి ఇవ్వనా అని అడిగేను. "చెట్లున్న చోటు ఇవ్వండి చాలు. ఇల్లు నా చేత్తో నేనే కట్టుకుంటానండి" అంది. కాయల దింపుకి గాని, దారికి గాని మా వాళ్ళెవరూ ఆవిడకి అడ్డుపెట్టకూడదు.

ఈ షరతు కిందే నేను ఒక నేరం ఒప్పుకోవాలి.

1943లో యుద్ధానికి ఇనుము కావాలని సర్కారు పట్టాలు పీకించుకుంటోంది. కోటిపల్లి రైలు పట్టాలు అప్పటికే పట్టుకుపోయేరు. మా రేవు పట్టాలు కూడా కొలుచుకుని తీసుకెళ్ళడానికి ఆఫీసరు వస్తున్నాడని తెలిసింది. కాకినాడ మీద బాంబులు పడ్డాక కంపెనీ దొరలు ఊరొదిలి పోయేరు, అడ్డం చెప్పేవాళ్ళు లేరు. నా భర్త గారు అప్పటికి అయిదేళ్ళ కిందటే పోయేరు. పోతే పోనీ, పీడ వదులుతుందనుకున్నాను. ఉన్నమాట రాయిస్తున్నాను, సంతోషించేను కూడా.

అప్పుడు దానమ్మ మా దొడ్లోకి వచ్చింది. కూర్చోమంటే కూర్చోలేదు. "అమ్మగారూ, మా అమ్మ నడినెత్తిన జుట్టు లేకుండానే పోయిందండి. చుట్టకుదురు కింద అరిగిపోయిందండి. పట్టాలొచ్చేక పుట్టేను గనక నాకు జుట్టుందండి. ఇప్పుడియ్యి పోతే నా కూతురికి ఉండదండి" అంది. అంతే అంది. దణ్ణం పెట్టలేదు, ఏడవలేదు.

నేను పోగొట్టుకున్నవి ముప్పై ఒక్క చెట్లు. వాళ్ళు పోగొట్టుకున్నదేమిటో నాకు అప్పటిదాకా తట్టలేదు. తూము కింద వంగుని దాటుతూ నా కష్టమే కష్టమనుకున్నాను.

పట్టాలు పోనివ్వకూడదని పాలెం వాళ్ళూ నేనూ కలిసి మూడు రోజుల్లో చేసేం. గొడౌన్ల వెనకాల వాడకంలో లేని పక్కదారి పట్టాలు మేమే పీకి, ఆఫీసరు కోసం వరసగా పేర్చి ఉంచేం. అసలు దారి మీద, మైలున్నర పొడుగునా, ఎండబెట్టినట్టుగా కొబ్బరి డొక్కలు పరిచేరు. ఈ సీమలో గట్టు మీద డొక్కలుంటే ఎవరు మాత్రం తిరిగి చూస్తారు? ఇంజనుని మా దొడ్డి పక్కకి తోసుకొచ్చి, పట్టాల మీదే ఉంచి, చుట్టూ గడ్డిమేటు వేసేరు. ఆఫీసరు గారు వచ్చేరు. పేర్చిన పట్టాలు కొలిపించుకున్నారు. మా అరుగు మీద కూర్చుని రెండు బొండాలు తాగేరు. "ఈ ఏడు గడ్డి బాగా అయినట్టుందండి" అన్నారు మేటు కేసి చూసి. "ఆయ్, బాగానే అయిందండి" అన్నాను. అది నిజమే. తరవాత "ఇంజను ఏమైందండి?" అన్నారు. "కాకినాడ పట్టుకెళ్ళిపోయేరండి" అన్నాను. అది అబద్ధం. ఇంజను ఆయనకి ఇరవై అడుగుల దూరంలో ఉంది.

అప్పట్నుంచి మా వీధిలో ఖాకీ చొక్కా కనబడితే చాలు, నేను దొడ్లోకి తప్పుకునేదాన్ని. ఆ ఇనుము వెళ్ళి ఉంటే ఎక్కడ ఏ బిడ్డ బతికేవాడో, ఏ బిడ్డ పోయేవాడో నాకు తెలీదు. ఆ సంగతి భగవంతుడికి వదిలేసేను. మొన్న ఆశ్వయుజంలో ఇదంతా సుందరరావు గారికి చెప్పేను. జైలైనా సరే, చెప్పకుండా పోవడం ఇష్టం లేదన్నాను. ఆయన కళ్ళజోడు తీసి, కళ్ళొత్తుకుని మరీ నవ్వేరు. "పద్నాలుగేళ్ళయిందండి. ఆ సర్కారే పెట్టే బేడా సర్దుకుని వెళ్ళిపోయింది. ఇంకెవరొచ్చి పట్టుకుంటారండీ మిమ్మల్ని?" అన్నారు. ఆ పూట నాకు అన్నం రుచి తెలిసింది. రెండోసారి పప్పు వేయించుకున్నాను.

4. ఇంజను సంఘానిదే గాని, దానికి నిప్పు పెట్టే హక్కు డ్రైవరు జ్ఞానప్రకాశం గారికి ఆయన బతికున్నంత కాలం ఉంటుంది. ఆయన లేకుండా గాని, ఆయన నేర్పిన మనిషి లేకుండా గాని ఎవరూ దాన్ని కదపకూడదు. ఏమి కావాలని అడిగితే ఆయన అడిగింది ఇదొక్కటే. ఇది కాక, నా తోటలో రాలిన కమ్మలు, డొక్కలు ఇంజనుకి సరిపడా ఆయన తీసుకోవచ్చు. కనకదుర్గ ఒప్పుకుంది.

యుద్ధం అయ్యేక తిరిగొచ్చిన కంపెనీ, రోడ్లు పడి లారీలొచ్చేక, 1951లో మూటాముల్లె కట్టేసింది. కూలీలకి పని పోయింది, ఇంజను గొడౌన్ల దగ్గరి షెడ్డులో ఆగిపోయింది. జ్ఞానప్రకాశం గారు మాత్రం వారం వారం వచ్చి, సొంత ఆముదం పెట్టి దాని కీళ్ళన్నీ తుడిచి వెళ్ళేవారు. జీతం లేదు, అడిగేవాడు లేడు. ఒకనాడు తూము దగ్గర ఎదురైతే, ఎందుకండీ ఈ శ్రమ అని అడిగేను. "ఇరవై అయిదేళ్ళు నా మాట విందండి. ఇప్పుడు పని లేదని వదిలేత్తే బాగుంటదేంటండి?" అన్నారు.

కంపెనీ వెళ్ళిన మరుసటేడు సుందరరావు గారు పాత కౌలు దస్తావేజు తెచ్చి చదివి వినిపించేరు. కంపెనీ వదిలి వెళ్ళిన ఏడాదిలోగా తీసుకెళ్ళని సామాను యావత్తూ నా భార్య అచ్చాయమ్మకు చెందవలెను అని అందులో ఉంది. వారసులకు అని కాదు, ఇంటికి అని కాదు, నా పేరుతో ఉంది. ఆ షరతు ఒకటీ నా భర్త గారి చేతిరాత. నేను ఆ కాగితం తీసుకుని, నా పేరున్న చోట వేలు పెట్టి చూసుకున్నాను. అడక్కుండా తీసుకున్నారు, చెప్పకుండా ఇచ్చేరు. ఆయన తీరే అంత. ఆ దస్తావేజు అసలు ప్రతి ఇనప్పెట్టెలో ఉంది. అది సంఘానికి ఇవ్వాలి. చేతిరాత ఉన్న పేజీ మాత్రం నకలు తీయించి కనకదుర్గకి ఇవ్వాలి.

5. అడబాల రాఘవులు, నా మరిది కుమారుడు. కాలవగట్టు మీద కంపెనీ వదిలేసిన పెద్ద గొడౌను, దాని కింది స్థలంతో సహా ఇతనికి ఇస్తున్నాను. పట్టాలు, చెక్కలు ఏడాది పొడుగునా చూసుకునే బాధ్యత కూడా ఇతనిదే. ఇనుము ముక్క ఒక్కటి కూడా అమ్మే హక్కు మాత్రం ఇతనికి లేదు. ఆ మాట ఎందుకు రాయవలసి వచ్చిందో చెప్తాను.

1953 జూలైలో కంటి ఆపరేషనుకని అమలాపురం వెళ్ళి నెల్లాళ్ళు కనకదుర్గ దగ్గర ఉన్నాను. రైతుల వ్యవహారం చూసుకోమని ఇతనికి అంతకుముందే ఒక కాగితం రాసిచ్చేను. ఆ కాగితం చూపించి ఇతను పట్టాలూ ఇంజనూ పాత ఇనుము వర్తకుడికి బేరం పెట్టేసేడు. ఆగస్టులో కంటికి గుడ్డతో నేను తిరిగొచ్చేసరికి, రేవుకి కొంచెం తూర్పున నాలుగు జతల పట్టాలు పీకి గట్టు వారన పడేసి ఉన్నాయి. నాకు వాటి మీద ప్రేమ ఉండి కాదు, నన్ను అడగలేదని కోపం వచ్చింది. పని ఆపించేను. "నీకెందుకు పెద్దమ్మా, నువ్వు వాటి మొహమే చూడవు కదా" అన్నాడు. అదీ నిజమే. లోపలికి పోయేను.

మూడో రోజున గోదావరి వచ్చింది. ఆ వరద ఈ తాలూకాలో అందరూ ఎరుగుదురు, నేను వర్ణించనక్కర్లేదు. పొద్దుటికి పాలెంలో గుమ్మాల దాకా ఉన్న నీళ్ళు మధ్యాహ్నానికి చూరు అందుకున్నాయి. పుంత దారులన్నీ మునిగేయి. పడవ వేస్తే కొట్టుకుపోయే వడి. నీళ్ళలో పైకి కనిపిస్తున్నది ఒక్కటే, పట్టాల గట్టు. పాలెం జనమంతా, రెండు వందల పైచిలుకు మనుషులు, గట్టు మీదకి ఎక్కి నిలబడ్డారు. ముసలివాళ్ళు, బాలింతరాళ్ళు, మేకలు, కోళ్ళగంపలు. రేవు వైపు గట్టు పల్లం. అక్కడ నీళ్ళు పట్టాలని తాకుతున్నాయి. మెరకనున్న గొడౌన్ల దాకా మైలున్నర నడవలేనివాళ్ళే సగం మంది.

అప్పుడు తూర్పు నుంచి కూత వినబడింది. జ్ఞానప్రకాశం గారు డొక్కలు వేసి ఇంజను రాజేసి, ఎనిమిది ట్రాలీలూ తగిలించి తీసుకొస్తున్నారు. రెండేళ్ళు ఆగిన ఇంజను అది. కాని పీకేసిన చోట ఆగిపోవాలి, జనమేమో దానికి ఇవతల ఉన్నారు. ఆ ఖాళీ దగ్గర నీళ్ళు గట్టు మీద నుంచి పొర్లుతున్నాయి. అందులో మనుషులు కాలు నిలదొక్కుకోలేరు.

రాఘవులు తన మనుషులు నలుగురితో నీళ్ళలో దిగేడు. గట్టు వారన మొలలోతు. కళ్ళకి కనబడదు, చేతులతో తడుముకుని ఒక్కొక్క పట్టా పైకెత్తేరు. చెక్కల మీద మేకు పడాల్సిన చోటు కూడా తడిమే చూసేరు. దాదాపు రెండు గంటలు పట్టింది. ఒకసారి అతను కాలు జారి మునిగిపోయేడు. జుట్టు పట్టి లేపేరు. లేచి, మళ్ళీ సుత్తి అందుకున్నాడు. మా ఇంటి ఎత్తరుగు మీద నుంచి నేను అరుస్తున్నాను, పైకి వచ్చేయరా అని. "నేను పీకినవి నేనే వేస్తాను పెద్దమ్మా, నువ్వు లోపలికి పో" అని అరిచేడు. ఆ గొంతు వాళ్ళ పెదనాన్న గొంతులా ఉంది.

నాలుగో జత బిగించేక ఇంజను ఆ ముక్క మీదుగా వచ్చింది. చీకటి పడేలోగా ఏడు సార్లు తిరిగింది. మా ఇంటి వాళ్ళం ఆఖరి బండికి మిగిలేం. నేను గట్టు దగ్గరికొచ్చి ఆగిపోయేను. అలవాటు, ఇంకేం లేదు. కాళ్ళు తూము వైపు తిరిగేయి. దానమ్మ ట్రాలీ మీద నిలబడి చెయ్యి చాపింది. "తూము మునిగిపోయిందండి అమ్మగారూ. ఇంక ఇదొక్కటే దారండి" అంది.

కాలు పెట్టేను. ఇనుము చల్లగా ఉంది. అంతే. నేను ముప్పై ఆరేళ్ళు మోసినంత బరువైనదేదీ అక్కడ లేదు. ఒక తడిసిన దూడనీ, దానమ్మ చెయ్యినీ పట్టుకుని కూర్చున్నాను. బండి కదిలింది. గాలి మొహానికి కొట్టింది. దుర్గ ఆ రోజున ఇంట్లోకి ఏ మొహంతో వచ్చిందో నాకు అప్పుడు తెలిసింది. నేను నవ్వుతున్నానో ఏడుస్తున్నానో దానమ్మని అడగండి, నాకు తెలీదు.

పశువులు చాలా పోయేయి. ఇళ్ళు పోయేయి. మా తోటలో యాభై చెట్లు పడ్డాయి. పాలెంలో మనిషి ఒక్కడూ పోలేదు. నీళ్ళు తీసేక వర్తకుడు లారీ తెచ్చేడు. రాఘవులే ఎదురెళ్ళి బయానా చేతిలో పెట్టి "అమ్మడానికి నాది కాదండి అది. మా పెద్దమ్మని అడగలేదండి" అని పంపించేడు.

రాఘవులూ, పీకినందుకు నీ మీద కోపం ఆ నీళ్ళలోనే పోయింది. అడగనందుకు కొంచెం మిగిలింది. ఇవాళ నువ్వు వచ్చి, గొడౌను తీసుకోమంటావా పెద్దమ్మా అని నన్నే ఎదురు అడిగేవు. ఆ కొంచెమూ అయిపోయింది.

6. సంఘం గురించి. వరద తరవాత నాలుగేళ్ళు ఈ పట్టాలని నిలబెట్టడానికి పడ్డ తిరుగుడు పట్టాలు వేసినవాళ్ళు కూడా పడి ఉండరు. సరుకు లేదు, లాభం లేదు, ఎందుకిది అని ప్రతి ఆఫీసులోనూ అడిగేరు. గట్టు మట్టి రోడ్లకి కావాలన్నారు ఒకళ్ళు. ఇంజను ఏదైనా పార్కులో పెడితే బాగుంటుందన్నారు ఇంకొకళ్ళు. కనకదుర్గ అర్జీలు రాసింది. రాఘవులు పడవల మీద, బస్సుల మీద వాటిని పట్టుకు తిరిగేడు. దానమ్మ నలభై మంది ఆడవాళ్ళ వేలిముద్రలు తెచ్చింది. రైల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన ఒక ఆయన చూడవచ్చి, ఇంజను కింద పడుకుని మరీ చూసి, ఇలాంటిది ఇంకా నడుస్తూ ఉండగా తానెక్కడా చూడలేదని కాగితం రాసిచ్చేరు. ఆయన మంచి మనిషి, చొక్కా అంతా మసి చేసుకున్నారు.

ఈ నెల ఆరో తారీఖున సంఘం రిజిస్టరైనట్టు, గట్టు తీసే ఆలోచన సర్కారు మానుకున్నట్టు కాగితాలు వచ్చేయి. కనకదుర్గ చదివింది. ఇంకోసారి చదవమన్నాను. మూడోసారి చదువుతుండగా నాకు కునుకు పట్టింది. నాలుగేళ్ళలో పగటిపూట నిద్ర పట్టడం అదే మొదలు.

ఇప్పుడు ఆదివారం ఆదివారం బండి నడుస్తోంది. మలికిపురం నుంచి, మామిడికుదురు నుంచి, అవతలి ఒడ్డు నుంచి కూడా జనం పడవలెక్కి వస్తున్నారు. పూర్వం మోతలు మోసిన ముసలివాళ్ళు తమ మనవలకి ఏ ట్రాలీ మీద ఏమి ఎత్తేవారో చూపించుకుంటున్నారు. కాబట్టి సంఘం వారికి నా షరతులు. ఆవిరి ఇంజను తీసేసి మోటారు పెట్టకూడదు. పాతది పాతదిగానే ఉండాలి, అరిగిన ముక్క మార్చితే మార్చినట్టు పుస్తకంలో రాయాలి. గట్టు తవ్వకూడదు. గోదావరి పొంగిన రోజున బండి ముందుగా పాలెం జనానిది, తరవాతే మా వాళ్ళది. రేవులో మోతలు మోసిన ఆడవాళ్ళు ఎవరొచ్చినా, ఎన్నిసార్లొచ్చినా, వాళ్ళ దగ్గర టిక్కెట్టు పుచ్చుకోకూడదు. కార్యవర్గంలో పాలెం ఆడమనిషి ఒకరు ఎప్పుడూ ఉండాలి. గట్టు పొడుగునా, ఖాళీ ఉన్న చోటల్లా కొబ్బరిమొక్కలు పాతాలి. ఎక్కడెక్కడ పాతాలో నేను రాఘవులుకి చూపించేను, నలభై గుంటలు తీసేం. నాలుగు గుంటల్లో ఇప్పటికే నాటేం.

7. చిల్లర వస్తువులు. సుందరరావు గారు నా దగ్గర ఫీజు ముట్టలేదు గనక, వచ్చినప్పుడల్లా ఆయన వదలకుండా కూర్చునే పడకకుర్చీ ఆయనకి. నా పట్టుచీరలు రెండూ దానమ్మ కూతురి పెళ్ళికి ఇవ్వాలి. దానమ్మ కాదంటే కూతురి చేతికే ఇవ్వాలి. గంగాళాలు, పెద్ద అండా సంఘానికి, బండి చూడొచ్చినవాళ్ళకి మజ్జిగ కలపడానికి. ఆవు, దూడ జ్ఞానప్రకాశం గారి ఇంటికి. త్రిమూర్తులు గారికి, రాయొద్దన్నవన్నీ చివరికి రాసినందుకు, రెండు బస్తాల ధాన్యం. ఇది ఆయనే రాస్తూ సిగ్గుపడుతున్నారు.

8. ఆఖరు షరతు. నేను పోయిన రోజు ఆదివారం అయితే బండి ఆపకూడదు. దూరాభారం నుంచి పిల్లలతో పడవలెక్కి వస్తారు, రేవులో దిగి బండి లేదంటే ఉసూరుమంటారు. నన్ను అరుగు మీద పడుకోబెట్టి ఉంచండి, నాకు తొందరేం లేదు. సాయంత్రం ఆఖరి బండి వెళ్ళి, జనం దిగి, జ్ఞానప్రకాశం గారు నిప్పు తీసేసి, చేతులు కడుక్కుని వచ్చేక అప్పుడు నా పని చూడండి.

పైన రాసినదంతా త్రిమూర్తులు గారు పెద్దగా చదివి వినిపించగా, కింద పేర్లున్న సాక్షుల ఎదుట విని, నేను చెప్పినట్టే ఉందని ఒప్పుకుని, మనసు తేలికపడి చేవ్రాలు చేసేను. నాకు ఇంకెవరితోనూ పేచీ లేదు.

హేవిళంబి నామ సంవత్సరం, కార్తీక బహుళం, సోమవారం. 1957 నవంబరు 18.
ఎర్రలంక.

చేవ్రాలు: అడబాల అచ్చాయమ్మ

సాక్షులు:
1. పితాని సత్యం, కరణం గారి గుమాస్తా, ఎర్రలంక
2. యాళ్ళ వీరలక్ష్మి, పక్కింటి కాపురస్తురాలు

లేఖరి: త్రిమూర్తులు, రాజోలు